హెడ్‌లైటు మసకబారితే తప్పు బల్బుది కాకపోవచ్చు



ఖమ్మం నుండి కొత్తగూడెం, పాల్వంచల మీదుగా భద్రాచలం వెళ్లే దారిలోనూ, అక్కడి నుండి చర్ల వైపో, చింతూరు వైపో అడవిలోకి సాగే దారుల్లోనూ రాత్రివేళ ప్రయాణం చేయవలసిన అవసరం మన కుటుంబాలకు తరచు కలుగుతుంది. నొప్పులు పడుతున్న ఆడపిల్లను ఆసుపత్రికి చేర్చాలన్నా, కూడికలు ముగించుకొని ఇల్లు చేరాలన్నా బండి లైట్లే ఆధారం. ఊరు దాటితే వీధి దీపాలుండవు. ఎదురుగా బొగ్గు లారీలు వస్తుంటాయి. రోడ్డు అంచున దీపం లేని ఎడ్లబండి, తారు మీద పడుకున్న పశువులు, ఆరబోసిన ధాన్యం చుట్టూ పేర్చిన రాళ్లు ఉంటాయి.

గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే కారు ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దాటుతుంది. అడ్డంకి కనబడ్డాక బ్రేకు తొక్కి ఆగేసరికి, పొడి రోడ్డు మీద కూడా, సుమారు 40 మీటర్లు పడుతుంది. వెలుగు అంతకంటే దగ్గరలోనే ఆగిపోతే ఎంత నిదానస్తుడైనా ఏమి చేయగలడు?

లైట్లు మసకబారగానే చాలామంది బల్బులు మారుస్తారు. కొత్త బల్బులూ అలాగే వెలుగుతాయి. కారణమేమిటంటే, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న పొలంలో సన్నని సర్వీసు వైరుతో మోటారు నడిపితే ఏమవుతుందో మన రైతులకు తెలుసు. మోటారు మంచిదే, కాని దాని దాకా వోల్టేజీ రాదు. కారులో జరిగేదీ అదే.

పాత జీపుల్లో, అంబాసిడర్లలో కరెంటు బ్యాటరీ నుండి డాష్‌బోర్డు స్విచ్చికి వచ్చి, కాలితో నొక్కే డిమ్మరు స్విచ్చి గుండా తిరిగి ముందుకు పోయి బల్బును చేరుతుంది. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా ఇంకా నడుస్తున్న బండ్లున్నాయి. ఏళ్లు గడిచేకొద్దీ వైరు కొసలకు చిలుము పడుతుంది, స్విచ్చి లోపల కాలి నల్లబడుతుంది. ప్రతి చోటా కొంత వోల్టేజీ తగ్గుతుంది. హాలోజన్ బల్బుకు వోల్టేజీ పదోవంతు తగ్గితే వెలుగు పదోవంతు తగ్గి ఊరుకోదు, దాదాపు 30 శాతం పడిపోతుంది.

ఖర్చు పెట్టే ముందు ఇలా పరీక్షించండి.

1. ఇంజను ఆపి కొన్ని గంటలు ఉంచిన మంచి బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపాలి. ఇంజను నడుస్తుండగా 13.8 నుండి 14.4 దాకా ఉండాలి. అంతకంటే బాగా తక్కువైతే ముందుగా ఆల్టర్నేటరునూ, దాని బెల్టు బిగువునూ చూపించండి.

2. ఇంజను నడుస్తుండగా లైట్లు వేసి, బ్యాటరీ దగ్గరా, బల్బు హోల్డరు దగ్గరా మీటరుతో కొలవండి. తేడా అర వోల్టు మించితే ఆ నష్టం వైరింగులోనే ఉంది.

3. ఎర్త్ వైరు బాడీకి బిగించిన చోట తుప్పు గీకి, శుభ్రం చేసి, గట్టిగా బిగించండి. ఒక్కోసారి ఈ పనితోనే లైట్లు బాగుపడతాయి.

అప్పటికీ వెలుగు రాకపోతే రిలేలు వేయించడం మేలు. హెచ్4 బల్బు హై బీమ్‌లో 60 వాట్లు, డిమ్‌లో 55 వాట్లు తీసుకుంటుంది. రెండు బల్బులకు కలిపి సుమారు 10 ఆంపియర్లు. రిలే వేస్తే ఈ బరువంతా పాత స్విచ్చి మీద పడదు. స్విచ్చి రిలేను పనిచేయిస్తుంది, అంతే. దానికి ఆంపియరులో ఐదోవంతు చాలు. అసలు కరెంటు బ్యాటరీ నుండి లావు వైరు ద్వారా దగ్గరి దారిలో బల్బుకు చేరుతుంది.

డిమ్‌కు ఒకటి, హై బీమ్‌కు ఒకటి చొప్పున రెండు రిలేలు, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, ఒక్కో రిలేకు 15 ఆంపియర్ల ఫ్యూజు కావాలి. ఫ్యూజు బ్యాటరీకి ఆనుకొనే ఉండాలి. లేకపోతే దారిలో వైరు ఒరిసి బాడీకి తగిలినప్పుడు మంటలు లేస్తాయి. ఎర్త్ వైరు కూడా అంతే లావుది వేయించండి. కొసలు చేతితో మెలిపెట్టి టేపు చుట్టకుండా, లగ్గులు వేసి నొక్కించండి. కొన్ని బండ్లలో స్విచ్చి ఎర్త్ వైపు ఉంటుంది. కాబట్టి వైరు కోయకముందే ఆ సంగతి చూడమని ఆటో ఎలక్ట్రీషియన్‌కు చెప్పండి.

కొన్ని పనులు మాత్రం ఎవరు చెప్పినా చేయవద్దు. వైరింగు బాగు చేయకుండా 100 వాట్ల బల్బులు వేస్తే హోల్డరు కరిగిపోతుంది, ఎదుటివాని కళ్లు చెదురుతాయి. అవి చట్టానికీ విరుద్ధమే. కాలిన ఫ్యూజు స్థానంలో రాగి తీగ చుట్టవద్దు. లైట్లను కంప్యూటరు నడిపే కొత్త కార్లలో వైర్లు కోయించకుండా కంపెనీ సర్వీసు సెంటరులోనే చూపించండి.

లోపలి రిఫ్లెక్టరు నల్లబడినా, పైగాజు పచ్చబడినా వైరింగు ఎంత బాగున్నా వెలుగు రాదని కూడా గుర్తుంచుకోండి. పని పూర్తయ్యాక లైట్ల ఎత్తు సరిచేయించండి. డిమ్ వేసినప్పుడు వెలుగు రోడ్డు మీద పడాలి గాని ఎదుటి డ్రైవరు ముఖం మీద కాదు.

ఈ రాత్రి మీ బండిని గోడకు ఎదురుగా నిలిపి లైట్లు వేసి చూడండి. ఇంజను వేగం పెంచినప్పుడు లైట్లు బాగా పెరిగి, వదలగానే కుంగితే ముందుగా బ్యాటరీనీ, ఆల్టర్నేటరునూ అనుమానించండి. ఎప్పుడూ ఒకే తీరుగా మసకగా ఉంటే వైరింగును అనుమానించండి. చలికాలపు మంచు దిగకముందే ఈ పని చేయించుకుంటే మీకూ, ఆ దారిన నడిచిపోయే వారికీ క్షేమం.