ఆపేది ఎవరు? ఎవరి కోసం?

కాన్సరు మందు పరీక్ష ఒకటి గడువుకు ముందే ఆగిపోయిందని పత్రికల్లో పడుతుంది. మందు అంత అద్భుతంగా పనిచేసింది కనుకనే ఆపారని ఆ వెంటనే ప్రచారం మొదలవుతుంది. చదువుకున్నవారు కూడా మారుమాట లేకుండా నమ్ముతున్నారు. నమ్మే ముందు అడగవలసిన ప్రశ్నలున్నాయి.

పరీక్షలో రోగులను చీట్లు వేసినట్టు రెండు జట్లుగా విడదీస్తారు. ఒక జట్టుకు కొత్త మందు, రెండవ జట్టుకు పాత మందో, ఉత్త బిళ్ళో ఇస్తారు. ఎవరు ఎంతకాలం బతికారో ఏళ్ళ తరబడి లెక్కగడతారు. నడుమ ఒక స్వతంత్ర సంఘం ఆ లెక్కలు తీసి చూస్తుంది. మందు హాని చేస్తుంటే ఆపాలి. ఎన్నాళ్ళు నడిపినా ప్రయోజనం తేలదంటే ఆపాలి. మేలు తిరుగులేకుండా రుజువైతే రెండవ జట్టును ఆ మందుకు దూరంగా ఉంచడం అన్యాయం గనుక అప్పుడూ ఆపాలి. ఇంతవరకు మాకు పేచీ లేదు.

పేచీ అంతా ఆ 'మేలు' దగ్గరనే. కణితి పెరగడం కొన్ని నెలలు ఆలస్యం కావడం వేరు, మనిషి ఆయుష్షు పెరగడం వేరు. పైగా తొలి లెక్కలు మోసం చేస్తాయి. నాణెం ఎగరవేస్తే వరుసగా నాలుగుసార్లు బొమ్మ పడిందనుకోండి. అక్కడితో ఆట ఆపి, ఈ నాణేనికి బొరుసే లేదని చాటితే ఒప్పుకుంటామా?

రొమ్ము కాన్సరుకు లెట్రోజోల్ అనే మందును 5 వేలమందికి పైగా స్త్రీల మీద పరీక్షించారు. ఐదేళ్ళు ఇవ్వవలసిన ఆ మందు ఫలితాలను 2003లో, సుమారు రెండున్నరేళ్ళ లెక్కలతోనే బయటపెట్టారు. వ్యాధి తిరగబెట్టడం తగ్గినమాట నిజమే. కాని ఎన్ని ప్రాణాలు నిలిచాయి, దీర్ఘకాలంలో ఎముకలకు ఏమవుతుంది అన్న ప్రశ్నలు అప్పటికి తేలలేదు. ఉత్త బిళ్ళ జట్టులో చాలామంది మందుకు మారిపోవడంతో పోల్చిచూడడమే కష్టమైంది.

ఓర్పు అంటే ఏమిటో మదనపల్లెకు తెలుసు. ఆరోగ్యవరం క్షయ ఆసుపత్రివారు 1950లో చుట్టుపక్కల పల్లెల్లో బి.సి.జి. టీకా పరీక్ష మొదలుపెట్టారు. 1964లో ఫలితాలు ప్రకటించారు. అక్కడితో చేతులు దులుపుకోక 1973లో మళ్ళీ లెక్క చెప్పారు.

కాన్సరు రోగి అంతకాలం ఆగగలడా అంటారు. ఆగలేడు. అందుకే అతనికి కావలసింది తొందరపాటు వార్త కాదు, పనిచేసే మందు. పుంగనూరులో ఆవును అమ్మి, కుప్పంలో రైలెక్కి బెంగుళూరో వేలూరో పోయే కూలికి, తాను కొనేది ఆయుష్షో, కంపెనీ ఆశో తెలుసుకొనే హక్కు లేదా?

ఇంకొక రకం ఆపడం కూడా మనం చూశాం. 2009లో ఖమ్మం జిల్లాలో సుమారు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార కాన్సరు టీకా వేశారు. వారిలో చాలామంది గిరిజన పిల్లలు. ఇది పరీక్ష కాదు, 'ప్రదర్శన' అన్నారు. తల్లిదండ్రులకు బదులు హాస్టలు వార్డెన్లు సంతకాలు పెట్టారు. మహిళా, ప్రజా సంఘాల ఆందోళన తరువాత 2010 ఏప్రిల్‌లో ప్రభుత్వం దానిని నిలిపివేసింది. జరిగిన మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. ఆ టీకా మేలైనదని నేడు ప్రపంచం ఒప్పుకుంటున్నది. అయినా 2013లో పార్లమెంటు సంఘం ఆ వ్యవహారాన్ని తీవ్రంగా తప్పుపట్టింది. మంచి మందైనంత మాత్రాన పేదపిల్ల ఒప్పుదలను వార్డెను సంతకం చేయరాదు.

2019 నిబంధనల ప్రకారం పరీక్షలో గాయపడినవారికి వైద్యం, పరిహారం ఇవ్వాలి. పరీక్ష ముగిశాక మందు ఉచితంగా ఇచ్చే ఏర్పాటూ ఉన్నది. కాని దానికి పరిశోధకుని సిఫారసు, నీతిసంఘం ఆమోదం కావాలి. వేరే చికిత్స లేదని కూడా తేలాలి. తన దేహాన్ని పరీక్షకు ఇచ్చినవాడు మందు కోసం ఇన్ని గడపలెక్కాలి!

పరీక్ష ఆగినప్పుడల్లా కారణమూ, పూర్తి లెక్కలూ తెలుగులో ఆ రోగులకే ముందు చెప్పాలి. వాటాదారులకు తరువాత చెప్పుకోవచ్చు. ఈ డిమాండును విద్యార్థులూ, ఉపాధ్యాయులూ ఊరూరా వినిపించాలి. శాస్త్రం మీద మాకు అనుమానం లేదు. దానిని మధ్యలో తెంపి అమ్ముకునే వ్యాపారం మీదనే మా పోరాటం.