ముందు తలుపు, ఆ తరువాతనే తరంగం



ఉన్నట్టుండి ఆపుకోలేని మూత్రవేగం, మాటిమాటికి లేవవలసి రావడం, రాత్రి నిద్ర లేకపోవడం: స్త్రీలను పీడించే ఈ మూత్రాశయ బాధకు ‘షాక్ వేవ్’ చికిత్స వచ్చిందని కొందరు ఘనంగా చాటుతున్నారు. ఇది విద్యుద్ఘాతం కాదు, శబ్దతరంగాల తాడనం. 1980లో మ్యూనిక్ నగరంలో మూత్రపిండాల రాళ్లను పగులగొట్టిన తరంగాలకు ఇది మెత్తని రూపం. కోత లేదు, పొత్తికడుపుపై పరికరం ఆనిస్తారు. తైవాన్ వైద్యులు 2021లో ప్రకటించిన పరీక్షలో, వారానికొకమారు చొప్పున 8 వారాలు ఈ చికిత్స పొందినవారికి, ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటె మేలు కలిగింది. కాని పాల్గొన్నవారు 65 మందే. ఆశపడడానికి అది చాలును. అంగడిలో పెట్టి అమ్మడానికి చాలదు.

నా ఆక్షేపణ తరంగాలపై కాదు, వరుస తప్పడంపై.

మా బేతంచెర్ల బండలకు ప్రసిద్ధి. ఆ పనిలో ఆడవారూ ఉన్నారు. పనిచోట తలుపున్న మరుగుదొడ్డి లేకుంటే ఏ స్త్రీ అయినా చేసేది ఒక్కటే: నీళ్లు తాగడం మానుకుంటుంది. మూత్రం చిక్కబడి మూత్రాశయాన్ని రేపుతుంది, ఇన్ఫెక్షన్‌కు దారి తీస్తుంది. స్త్రీలకు వేరుగా మరుగుదొడ్లుండాలని 1948 నాటి కర్మాగారాల చట్టమే శాసించింది. తలుపు పెట్టించలేని మనం తరంగాల గురించి మాట్లాడడమా!

మూత్రవేగాన్ని ఆపరాదని చరకసంహితలో ‘నవేగాన్ధారణీయ’మనే అధ్యాయమే ఉన్నది. “మరి వైద్యులు కొంచెం కొంచెంగా వాయిదా వేయమంటారే?” అని అడుగుతారేమో. వైద్యుని సలహాతో అభ్యసించే నిగ్రహం వేరు. దిక్కులేక బిగబట్టడం వేరు. మొదటిది చికిత్స, రెండవది శిక్ష.

ఆ అభ్యాసం, కటికండరాల వ్యాయామం, కాఫీ టీలు తగ్గించడం: వీటికి పెద్ద ఖర్చు లేదు. అవి చాలకపోతే మాత్రలున్నాయి. కనుక ఎవరైనా యంత్రం చూపి ధర చెబితే ముందు అడగండి: మూత్రపరీక్ష, చక్కెర పరీక్ష చేశారా? వ్యాయామం నేర్పారా? మందులు వాడి చూశారా?

స్త్రీ నడుముకు ఉపమానాలు వెదకి వెదకి పెట్టిన ప్రబంధభాష మనది. ఆమె బాధ చెప్పుకోవడానికి మాత్రం ఇంట్లో మాట లేదు. “వయసు మీద పడితే అంతేలే” అని నోరు మూయించేవారే ఈ వ్యాధికి తొలి పోషకులు. వారితో వాదించడానికి నేను సిద్ధం. మీరేమంటారు?