ముసాయిదా నిబంధనలు, రైతుల అభిప్రాయాలు, యాంత్రిక లేఖలు

ముసాయిదా నిబంధనలపై ప్రజాభిప్రాయ సేకరణ అనగా ప్రభుత్వం ఒక నిబంధనను అమలులోనికి తెచ్చుటకు ముందు దాని ముసాయిదాను ప్రకటించి, నిర్ణీత గడువులోగా ప్రజల అభ్యంతరాలను, సూచనలను స్వీకరించే పద్ధతి. ముందస్తు ప్రకటన అవసరమని చట్టం చెప్పిన సందర్భాలలో, వచ్చిన అభ్యంతరాలను అధికారులు పరిశీలించవలెనని 1897 నాటి జనరల్ క్లాజెస్ చట్టం 23వ సెక్షను నిర్దేశించుచున్నది. శాసనాల ముసాయిదాలను కనీసం 30 రోజులు ప్రజల ముందుంచవలెనని కేంద్ర ప్రభుత్వం 2014లో ఒక విధానాన్ని ప్రకటించినది. ఈమెయిలు వాడుక పెరిగిన తరువాత, కంప్యూటరు ప్రోగ్రాముల ద్వారా లక్షల సంఖ్యలో లేఖలు పంపుట ఈ పద్ధతికి కొత్త సమస్యగా మారినది.

గుంటూరు, ప్రకాశం మైదానాలలో దీని ప్రాముఖ్యత

ఈ ప్రాంతపు నల్లరేగడి భూములలో పత్తి, మిరప ప్రధానమైన వాణిజ్య పంటలు. రెండింటికీ విత్తనాలపై, పురుగుమందులపై పెట్టుబడి ఎక్కువ. పత్తిని గులాబీ రంగు పురుగు, మిరపను 2021 నుండి నల్ల తామర పురుగు తీవ్రంగా దెబ్బతీసినవి. కావున ఈ సరుకులపై ఢిల్లీలో తయారయ్యే ప్రతి నిబంధన ఇక్కడి సాగు ఖర్చును, మందు పిచికారీ చేసే కూలీల ఆరోగ్యాన్ని నేరుగా తాకుతుంది.

2020 మే నెలలో 27 పురుగుమందులను నిషేధించుటకు కేంద్రం ముసాయిదా ఉత్తర్వును విడుదల చేసినది. మోనోక్రోటోఫాస్, ఎసిఫేట్, క్లోరిపైరిఫాస్, మాంకోజెబ్ వంటి, రైతులకు చిరపరిచితమైన మందులు ఆ జాబితాలో ఉన్నవి. అభ్యంతరాలకు మొదట ఇచ్చిన 45 రోజుల గడువు తరువాత 90 రోజులకు పొడిగించబడినది. 2023 నాటి తుది ఉత్తర్వులో డైకోఫాల్, డైనోకాప్, మెథోమిల్ పూర్తి నిషేధానికి గురి అయినవి. 1966 నాటి విత్తన చట్టం స్థానంలో తేదలచిన బిల్లు ముసాయిదా 2025 నవంబరులో వెలువడినది. దానిపై సూచనలకు డిసెంబరు 11 వరకు గడువు ఇచ్చారు. అది ఈ మైదానాలలో పత్తి తీతల కాలం.

యాంత్రిక లేఖల అనుభవాలు

అమెరికాలో 2017లో ఇంటర్నెట్ నిబంధనలపై వచ్చిన సుమారు 2 కోట్ల 20 లక్షల అభిప్రాయాలలో దాదాపు 1 కోటి 80 లక్షలు నకిలీవని న్యూయార్క్ అటార్నీ జనరల్ 2021 నివేదికలో తేల్చారు. అందులో 77 లక్షలకు పైగా ఒకే ఒక కళాశాల విద్యార్థి కల్పిత పేర్లతో పంపినవి. సుమారు 85 లక్షలు ఇంటర్నెట్ సేవల సంస్థలు డబ్బు వెచ్చించిన ప్రచారంలో భాగంగా, ప్రజల పేర్లను వారి అనుమతి లేకుండా వాడి పంపినవి.

భారతదేశంలో 2015లో టెలికాం నియంత్రణ సంస్థకు (ట్రాయ్) పది లక్షలకు పైగా ఈమెయిళ్లు అందినవి. వాటిలో అధికభాగం ముందుగా తయారుచేసిన ఒకే పాఠం. అయినా పంపినవారు నిజమైన పౌరులే. అదే ఏడాది చివర ఫేస్‌బుక్ సంస్థ తన ఫ్రీ బేసిక్స్ పథకానికి మద్దతుగా వినియోగదారుల చేత పంపించిన లేఖలు, తాను అడిగిన ప్రశ్నలకు సమాధానం కావని ట్రాయ్ ఆక్షేపించినది. సంఖ్యను పక్కనబెట్టి, అడిగిన ప్రశ్నకు జవాబున్నదా లేదా అని చూచుట ఇక్కడ గమనించదగిన అంశం.

పరిష్కారాలలో ఇబ్బందులు

నకిలీలను ఆపుటకు గుర్తింపు పత్రం అడుగుట సులభమైన మార్గముగా కనిపించును. కాని పట్టాదారు పాసుపుస్తకమే గుర్తుగా తీసుకొన్నచో, సొంత భూమి లేని కౌలు రైతులు, వ్యవసాయ కూలీలు బయట ఉండిపోతారు. పత్తికి, మిరపకు అప్పు తెచ్చి పెట్టుబడి పెట్టేవారిలో, మందు పీల్చేవారిలో వీరే ఎక్కువగా ఉంటారు. ఒకే మాదిరి లేఖలను ఏకమొత్తంగా తొలగించినా అన్యాయమే. చదువు అంతగా రాని రైతులు సంఘం రాసి ఇచ్చిన అర్జీపై సంతకం లేదా వేలిముద్ర వేయుట పల్లెలలో చిరకాలంగా ఉన్న ఆచారం. వేలిముద్ర వెనుక మనిషి ఉన్నాడు. యాంత్రిక లేఖ వెనుక లేడు. వడపోత ఈ భేదాన్ని గుర్తించవలెను.

భాష మరొక అడ్డంకి. పర్యావరణ ప్రభావ అంచనా ముసాయిదాను 8వ షెడ్యూలులోని 22 భాషలలోనికి అనువదించవలెనని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశించినది. తెలుగులో లేని ముసాయిదాపై మాచర్ల, త్రిపురాంతకం రైతులు అభిప్రాయం చెప్పలేరు. వారు మౌనంగా ఉన్నచోట యంత్రం రాసిన లేఖలే ప్రజావాణిగా లెక్కకు వస్తాయి.

ప్రత్యక్ష విచారణలు

2010 జనవరి, ఫిబ్రవరి నెలలలో బీటీ వంకాయపై అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేష్ హైదరాబాదుతో సహా 7 నగరాలలో బహిరంగ సమావేశాలు జరిపి, 2010 ఫిబ్రవరి 9న దానిపై తాత్కాలిక నిలుపుదల ప్రకటించారు. 2006 నాటి పర్యావరణ ప్రకటన ప్రకారం పరిశ్రమలపై ప్రజా విచారణ ఆ స్థలంలో లేదా సమీపంలో జరగవలెను, దానిని వీడియో తీయవలెను. ఎదుట నిలబడి మాట్లాడే మనిషికి నకిలీని సృష్టించుట కష్టం. జనాన్ని తరలించే ప్రమాదం ఇక్కడా ఉన్నది గాని, అది అందరి కళ్ల ముందు జరుగుతుంది.

విత్తనాలు, పురుగుమందుల నిబంధనలకు ఇట్టి విచారణ తప్పనిసరి కాదు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన కార్యాలయాలు గ్రామాలలో ఉన్నవి. ముసాయిదా తెలుగు సారాంశాన్ని అక్కడ ఉంచి, మౌఖిక అభిప్రాయాలను రాసుకొని, ఏ అభ్యంతరానికి ఏ జవాబు ఇచ్చారో తిరిగి అక్కడే ప్రకటించినచో, నకిలీల వడపోతకూ నిజమైన రైతు ప్రవేశానికీ ఒకే ద్వారం ఏర్పడుతుంది. లేఖల లెక్కను బట్టి కాక, చెప్పిన కారణాన్ని బట్టి నిర్ణయం జరిగినప్పుడు కోటి యాంత్రిక లేఖలకు కూడా విలువ ఉండదు.