ఎవరి గడియారం, ఎవరి భాష

ఖతార్ రాజధాని దోహాకు దక్షిణాన ఉన్న బిర్కత్ అల్ అవామిర్ గిడ్డంగులకు నెలవైన ప్రాంతం. సరుకు దిగడం, లెక్కకెక్కడం, తిరిగి లారీ ఎక్కడం అటువంటి చోట నిత్యకృత్యం. గిడ్డంగి ఏ దేశంలో ఉన్నా, ఒకే కంప్యూటరును ఒకే లాగిన్ పేరుతో పగటి గుమస్తా, రాత్రి గుమస్తా పంచుకొనడం పైకి పొదుపుగానే తోస్తుంది. ఆ పొదుపు ఎక్కడ బెడిసికొడుతుందో గ్రహించాలంటే, లాగిన్ వేళ యంత్రంలో జరిగే చిన్న తతంగాన్ని గమనించవలసి ఉన్నది.

లినక్స్ మొదలైన యూనిక్స్ సంతతి వ్యవస్థలలో, వినియోగదారుడు లోనికి రాగానే షెల్ తొలుత అందరికీ ఉమ్మడియైన 'ఎట్‌సీ ప్రొఫైల్' అనే ఫైలును, పిమ్మట ఆ వ్యక్తి సొంత డైరెక్టరీలోని 'డాట్ ప్రొఫైల్'ను చదువుతుంది. వాటిలో పేరు, విలువ జంటలుగా వ్రాసి, 'ఎక్స్‌పోర్ట్' అని ప్రకటించినవే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్, అనగా పరిసర చరరాశులు. 1979లో బెల్ ప్రయోగశాలల నుండి వెలువడిన ఏడవ యూనిక్స్‌తో ఈ ఏర్పాటు వచ్చినది. ఆదేశాలను ఎక్కడ వెదకాలో 'పాత్' చెబుతుంది. ఏ ప్రాంతపు కాలమో 'టీజెడ్', ఏ భాషో 'లాంగ్' చెబుతాయి. షెల్ నుండి పుట్టిన ప్రతి ప్రోగ్రామూ వీటి నకలును వారసత్వంగా పొందుతుంది. నకలు మాత్రమే సుమా! పిల్ల ప్రోగ్రాము మార్చుకొన్నది తల్లికి తెలియదు. తల్లి తరువాత మార్చుకొన్నది అప్పటికే పుట్టిన పిల్లకు చేరదు. అందుచేతనే ఒకే తెరపై రెండు ప్రోగ్రాములు రెండు వేర్వేరు గంటలు చూపే విచిత్రం కూడా సంభవమే.

యంత్రం లోలోపల కాలాన్ని సార్వత్రిక ప్రమాణంలోనే లెక్కిస్తుంది. తెరపై కనిపించే గంట టీజెడ్ చెప్పినట్లు మార్చి చూపినది. ఖతార్ కాలం ఆ ప్రమాణానికి 3 గంటలు ముందు, భారత కాలం 5 గంటల 30 నిమిషాలు ముందు. (ప్రాంతం పేరుకు బదులు అంకె వ్రాస్తే మాత్రం ఖతార్‌కు మైనస్ 3 అని వ్రాయాలి. గ్రీనిచ్‌కు పడమటి వాటికే ప్లస్ గుర్తు ఇచ్చిన ఈ తిరకాసు ప్రమాణం ఎందరినో తికమకపెట్టినది.)

ఇంటికి ఫోను చేయదగిన వేళ తెలుసుకొందామని ఒక తెలుగు గుమస్తా ఉమ్మడి లాగిన్‌లో భారత కాలం పెట్టుకొన్నాడని అనుకుందాం. రాత్రి 8 గంటలకు పనిలోకి వచ్చిన సహోద్యోగి రాక 10:30గా నమోదవుతుంది. నడిరేయి మరొకరు దానిని సరిదిద్ది తిరిగి లాగిన్ చేస్తారు. ఉదయం 6 గంటలకు అతడు వెళ్ళడం 6గానే పడుతుంది. పది గంటల శ్రమ కాగితం మీద ఏడున్నర అయినది! ఖతార్ 2004 నాటి 14వ నంబరు కార్మిక చట్టం ప్రకారం సాధారణంగా పనిదినం 8 గంటలు, ఆపైది ఓవర్‌టైమ్. అతడి రెండు గంటల ఓవర్‌టైమ్ ఎవరూ దొంగిలించకుండానే మాయమైనది. ఏ ప్రాంతపు కాలమో తెలుపకుండా గంటను మాత్రమే వ్రాసే ప్రోగ్రాము అయితే, ఆ తప్పును తరువాత పట్టుకొనడం దుర్లభం.

ఇందులో ఆ గుమస్తా కోరిక తప్పు కాదు, దానిని ఉంచిన చోటు తప్పు. సంస్థకు చెందినది ఉమ్మడి ఫైలులో, మనిషికి చెందినది అతడి సొంత ఫైలులో ఉండాలి. అందుకు ప్రతి ఉద్యోగికీ సొంత లాగిన్ ఉండాలి. లాగిన్లు పెరిగితే పర్యవేక్షణ భారమని యాజమాన్యాలు అనవచ్చు. ఒక ఖాతా తెరవడానికి పట్టే సమయం కొద్ది నిమిషాలే, పోయే కూలి అంతకంటె ఎక్కువ. అయితే అదొక్కటే చాలదు. హాజరు ప్రోగ్రాము ఎవరి టీజెడ్‌నూ వారసత్వంగా పుచ్చుకొనక, ఖతార్ కాలాన్ని తానే నిర్ణయించుకొని మొదలు కావలెను.

భాష సంగతి ఇళ్ళకు సంబంధించినది. యూనికోడ్‌లో తెలుగు 1991 నాటి తొలి కూర్పులోనే చోటు పొందినది. లినక్స్‌లో 'తెలుగు–భారత్' అనే లొకేల్ ఉన్నది. 'అరబ్బీ–ఖతార్' కూడా ఉన్నది. 'తెలుగు–ఖతార్' మాత్రం లేదు. తెలుగు కోరితే ద్రవ్యం కూడా రూపాయలలోనే వస్తుందని ప్రవాసులు వెనుదీయనక్కరలేదు. లాంగ్ అన్నిటికీ పునాది మాత్రమే. 'ఎల్‌సీ మానిటరీ' ద్రవ్యాన్ని, 'ఎల్‌సీ టైమ్' తేదీలను వేరుగా నిర్ణయిస్తాయి. 'ఎల్‌సీ ఆల్' మాత్రం తక్కినవాటి నన్నిటినీ తోసిపుచ్చుతుంది కనుక దానిని లాగిన్ ఫైలులో ఉంచకపోవడమే మేలు.

పిల్లవాడి సొంత ఖాతాలోని డాట్ ప్రొఫైల్‌లో లాంగ్‌కు తెలుగు–భారత్, ద్రవ్యానికి అరబ్బీ–ఖతార్, టీజెడ్‌కు ఖతార్ అని మూడు వరుసలు వ్రాస్తే సరిపోతుంది. ఆ లొకేళ్ళు యంత్రంలో స్థాపితమై ఉంటే, మరుసటి లాగిన్‌లో 'డేట్' అని టైపు చేయగానే వారం పేరు తెలుగులో, గంట దోహా కాలంలో వస్తాయి.