మాలిష్ ఒకరిది... మామూలు ఎవరికి?

పెద్ద హీరో సినిమా రిలీజయ్యే వారం నంద్యాల హాళ్ల ముందర ఎంత రష్షు ఉంటుందో, దానికి ముందు ఆదివారం సెలూన్లలోనూ అంత రష్షే! ఇది ఈనాటి జబ్బు కాదు లెండి. శోభన్‌బాబు నుదుటి మీద రింగు ఆడిన రోజుల్లో మన నాయనలు, చిన్నాయనలు ఇదే కుర్చీల్లో కూర్చుని "నాకూ అట్లనే తిప్పన్నా" అని ప్రాణాలు తీసినవాళ్లే. క్రాపు అయ్యాక నెత్తిన నాలుగు చుక్కల నూనె, ఆపైన టకటకా దరువు... ఆ పది నిమిషాలూ ఎవరికి వారే మహారాజు! తంటా అంతా కుర్చీ దిగేటప్పుడే. చెప్పిన రేటు ఇచ్చి పోవాలా? పైన ఏమన్నా ఇవ్వాలా? ఇస్తే ఎంత? ఎవరి చేతికి?

గురుదత్ 1957లో తీసిన ‘ప్యాసా’ చూశారా? కలకత్తా వీధుల్లో తిరిగే మాలిష్‌వాలా అబ్దుల్ సత్తార్‌గా జానీ వాకర్ వేశాడు. ఎస్.డి. బర్మన్ బాణీకి రఫీ పాడిన ఆ మాలిష్ పాటకు ఈల వేయనివాడు పాపాత్ముడు. కథలో సొంత అన్నదమ్ములే హీరోని కాదనుకుంటే, కడదాకా నిలిచింది ఈ మాలిష్‌వాడే! మన ‘కథానాయకుడు’ (2008)లో జగపతిబాబు వేసిన క్షురకుడి వేషమూ అట్లాంటిదే. అదే కథ హిందీకి వెళ్లి ‘బిల్లూ బార్బర్’ అయితే, ఆ మాట మమ్మల్ని చిన్నబుచ్చుతోందని వృత్తివాళ్లు అన్నారు. 2009లో షారుఖ్ ఖాన్ ‘బార్బర్’ తీసేసి ఒట్టి ‘బిల్లూ’ చేశాడు. అంత పెద్ద స్టారు మాట దిద్దుకున్నాడు. మనవాళ్లేమో నాన్న వయసున్న మనిషిని "ఏయ్, ఇట్లా రా" అని పిలిచి, పోతూ పోతూ ఇరవై రూపాయలు విసురుతారు. ఆ ఇరవై టిప్పు కాదు తమ్ముడూ. ముందు "అన్నా" అను, "మామా" అను, "భాయ్" అను. నోట్ల సంగతి తర్వాత.

పూర్వం ఈ లెక్కే వేరు. ఊళ్లో మంగలికి రోజు కూలి ఉండేది కాదు. ఏడాది పొడుగునా పని చేస్తే పంట కళ్లంలో గింజలు కొలిచేవాళ్లు. పండక్కి మామూలు, పెళ్లిలో కొత్త బట్టలు. (ఆ ‘మామూలు’ అన్న మాటను ఆఫీసులవాళ్లు పాడుచేశారు గానీ, అసలుకు మంచి మాటే!) వినడానికి బాగానే ఉంటుంది. కాకపోతే ఎంత కొలవాలో కొలిచేవాడి ఇష్టం, పుచ్చుకునేవాడికి నోరు లేదు. ఇప్పుడు గోడ మీద రేట్ల బోర్డుంది. ఆ రేటు ఆయన హక్కు. టిప్పు మీ సంతోషం. రేటులో ఇరవై బేరమాడి తగ్గించి, మళ్లీ అదే ఇరవై టిప్పంటూ దర్జాగా ఇచ్చే మహానుభావులున్నారు. ఇదేం లెక్కో దేవుడికే తెలియాలి!

ఎంత అంటారా? రూలేమీ లేదు. మాలిష్‌కు వంద తీసుకుంటే పదో ఇరవయ్యో ఇవ్వండి, చాలు. అహోబిలంలో ఉగ్రస్తంభం దాకా ఎక్కి దిగి, పిక్కలు పట్టేసి ఆళ్లగడ్డలో ఎవరి చేతనన్నా కాళ్లు పట్టించుకుంటే మాత్రం కాస్త చెయ్యి జారనివ్వండి. అది ఒళ్లు విరిగే పని. లేనివాళ్లు ఇవ్వకపోయినా తప్పు లేదు. "చేతిలో మంచి పట్టు ఉందన్నా" అని ఓనరు వినేట్టు ఒక మాట అనండి, అదీ చెల్లుతుంది.

అసలు కిటుకు ఓనరు దగ్గరే ఉంది. చాలా షాపుల్లో కుర్చీ దగ్గర నిలబడే మనిషికి జీతం ఉండదు, వాటా ఉంటుంది. వచ్చినదాంట్లో ఇంత షాపుకు, ఇంత చేతికి. మీరు అద్దం పక్కన అతికించిన క్యూఆర్ కోడ్ మీద ఫోన్ పెట్టి రేటు, టిప్పు కలిపి కొట్టారనుకోండి... మొత్తం ఓనరు ఖాతాలో పడుతుంది. సాయంత్రం లెక్కలో ఆ పైడబ్బు పనివాడికి చేరిందో లేదో మీకెట్లా తెలుస్తుంది? అడగడానికి అతనికి మొహమాటం. అందుకని రేటు ఫోన్లో కొట్టండి, టిప్పు మాత్రం నోటుగా, నెత్తి రుద్దిన ఆ చేతిలోనే పెట్టండి. చప్పుడు లేకుండా. స్నేహితుల ముందు ఊపి చూపించకుండా.

ఇంకొకటి. మాలిష్ చివర మెడ పట్టి ‘టక్’మనిపిస్తారే, అది వద్దని ముందే చెప్పండి. మెడ అట్లా గుంజి తిప్పితే మెదడుకు పోయే రక్తనాళం చిట్లి పక్షవాతం వచ్చిన కేసులున్నాయని డాక్టర్లు చెబుతున్నారు. వద్దన్నారని అతనికి టిప్పు కోయకండి, పాపం అది అతను నేర్చుకున్న పనేగా!

ఊరు దాటితే పద్ధతి మారుతుంది. అమెరికాలో మసాజ్ చేయించుకుంటే బిల్లు మీద 15 నుంచి 20 శాతం ఇవ్వడం ఆనవాయితీ. ఎగ్గొడితే మొహం మీదే చూస్తారు. జపాన్‌లో అసలు టిప్పే లేదు. బల్ల మీద వదిలి వస్తే, మరిచిపోయారనుకుని వెంటపడి తెచ్చిస్తారు. అంత దూరం ఎందుకు, తిరుమల కల్యాణకట్టలో గుండు ఉచితం. అక్కడ ఎవరికీ ఏమీ ఇవ్వనక్కరలేదు.

"సెలూన్ గోల మాకెందుకు?" అని ఆడపిల్లలు పేజీ తిప్పకండి. మన ఇళ్లలో అసలు మాలిష్ మీ వైపే ఉంది. కాన్పయిన ఇంటికి పొద్దున్నే వచ్చి, బాలింతకు ఒళ్లు పట్టి, పసిబిడ్డను కాళ్ల మీద బోర్లా వేసుకుని నూనె రుద్ది నీళ్లు పోసే అవ్వ... నంద్యాలలో, ఆళ్లగడ్డలో ఆమెను ఎరగని వీధి ఉందా? ఆమెకు రోజు కూలి కాక, చివర చీర, రైక, బియ్యం పెట్టడం ఆచారం. కొందరు "చీర పెడతాం కదమ్మా" అని నెల డబ్బుల్లో కోత వేస్తారు. చీర వేరు, కూలి వేరు. పైగా బీరువాలో మడతలు పడిన పాత చీర తీస్తారు! షాపుకు పోయేటప్పుడు ఏ రంగు కావాలో ఆ అవ్వనే అడగండి. "మీ ఇష్టం తల్లీ" అంటుంది. ఇంకోసారి అడగండి, చెబుతుంది.