మీ ఊరు ఏది?

ఈ ప్రశ్న అడిగితే బదిలీ ఉద్యోగుల పిల్లలం కాసేపు తడబడతాం. పుట్టింది ఒకచోట, అక్షరాలు దిద్దింది ఇంకోచోట, ఇప్పుడు చదువుతున్నది సూరత్‌లో. గోరటి వెంకన్న గారి పాటలు విన్నప్పుడు నాకు ఈ లోటు మరీ తెలిసింది. నాగర్‌కర్నూల్ జిల్లా గౌరారంలో పుట్టిన ఆయన తన నేల మీద పాటలు కట్టి తానే పాడతారు. ఆయన పుస్తకాల పేర్లు చూడండి: ‘రేల పూతలు’, ‘అలసెంద్ర వంక’, ‘వల్లంకి తాళం’. ఒకదానిలో పువ్వు, ఒకదానిలో వాగు, ఒకదానిలో పిట్ట! ‘వల్లంకి తాళం’కు 2021 సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆయనకు ఊరుంది కాబట్టి పాట వచ్చింది, మనకేదీ అనుకున్నాను.

అది తప్పని వరాఛాలో తెలిసింది. ఇక్కడ వజ్రాలు సానబట్టేవారిలో చాలామంది సౌరాష్ట్ర నుంచి వచ్చినవాళ్లే. వారు ‘డాయరో’ పెట్టుకుని రాత్రి పొద్దుపోయేదాకా జానపదాలు, కథలు వింటారు. వారు ఎంతో అభిమానించే ఝవేర్‌చంద్ మేఘాణీ 1896లో చోటీలాలో పుట్టారు. ఆయన తండ్రి పోలీసు ఉద్యోగి. తరచూ బదిలీలే! అంటే ఆయనా మనలాంటి పిల్లవాడే. పెద్దయ్యాక ఊరూరా తిరిగి, పల్లెజనం నోట విన్న పాటలు, కథలు రాసుకున్నారు. ‘సౌరాష్ట్రనీ రసధార్’ ఐదు భాగాలు అలా వచ్చినవే. గాంధీజీ ఆయన్ను ‘రాష్ట్రీయ శాయర్’ అన్నారు.

అందుకే నా అభిప్రాయం ఇది: పుట్టినంత మాత్రాన ఊరు మనది కాదు, పట్టించుకుంటే అవుతుంది. మనమేమో ‘రెండు మూడేళ్లలో వెళ్లిపోతాం కదా’ అని పక్కింటివారి భాష కూడా నేర్చుకోం. తాపీ నదిని బస్సు కిటికీలోంచి చూసి ఊరుకుంటాం.

‘చనువు పెరిగితే వదిలి వెళ్లేటప్పుడు ఏడుపొస్తుంది’ అని మా అక్క అంటుంది. నిజమే, నాకూ రెండుసార్లు వచ్చింది. కానీ ఏడుపు రాని ఊళ్ల గురించి ఇప్పుడు నాకు ఒక్క వాక్యం కూడా రాయడం రాదు.

మళ్లీ బదిలీ ఆర్డరు వచ్చేలోపు ఒక పని చేద్దాం. తాపీ ఒడ్డున ఉన్న ఒక్క చెట్టు పేరైనా గుజరాతీలో తెలుసుకుందాం. పక్కింటి ‘బా’ను, అంటే పెద్దమ్మను, ఒక పాట నేర్పమని అడుగుదాం. తరవాతి ఊళ్లో ఎవరైనా ‘మీ ఊరు ఏది?’ అంటే ఆ పాట పాడి వినిపిద్దాం.