లారీ కిరాయి: లేని లాభము

బెజవాడనుండి చెన్నపట్టణమునకు సరకు దింపి వచ్చిన లారీ యజమాని నెవ్వని నడిగినను, "డీజిలు పోను, టోలు పోను, పదివేలకు పైగా మిగిలినది" యని చెప్పును. మిగిలినమాట నిజమే. అది లాభమనుట మాత్రము నిజము కాదు. అది యాతని లారీ. ఉన్న యొక్క లారీని నెలకొక ముక్కగా తెగనమ్ముకొనుచు, ఆ ముక్క వెలను లాభమని భ్రమించి యింటికి దెచ్చుకొనుచున్నాడు. ఈ యమ్మకమున మేలుపడువారు సరకు పంపు వర్తకుడును, నడుమనున్న బ్రోకరును.

ఒక్క లారీ కలిగి, తానే స్టీరింగు పట్టువానిగూర్చియే మేము వ్రాయుచున్నాము. నూఱు లారీల కంపెనీకి లెక్కలు వ్రాయ గుమాస్తాలు కలరు. ఇతనికి గలది జేబులోని చిన్నపుస్తకము. అందు డీజిలు వ్రాయబడును, టోలు వ్రాయబడును, బత్తా వ్రాయబడును. టైరు అరుగుదల వ్రాయబడదు. తన కూలి వ్రాయబడదు. ఖాళీగా తిరిగివచ్చిన దారి యసలే వ్రాయబడదు.

మేము లెక్కవేసి చూపెదము. అంకెలు మే మూహించి తీసికొన్నవి. ఎవరి బండికి తగినట్లు వారు మార్చుకొనవచ్చును. పద్ధతి మాత్రము మారదు. పది చక్రముల లారీ నెలకు 7,000 కిలోమీటర్లు తిరుగుననుకొందము. ఫైనాన్సు కిస్తీ 45,000 రూపాయలు. ఇన్సూరెన్సు, పన్ను, పర్మిటు, ఎఫ్.సి. వగైరా నెల కొక్కింటికి 13,000. డ్రైవరు, క్లీనరుల జీతము 33,000. యజమానియే డ్రైవరైనను ఈ జీతము వ్రాసితీరవలయును. పరుల లారీ తోలినచో జీతము పుచ్చుకొనడా? మొత్తము 91,000. చక్రము కదలినను కదలకున్నను ఇది తప్పదు. కిలోమీటరుకు 13 రూపాయలు. ఇక కదలినచో నగు ఖర్చు. లీటరు 96 రూపాయల డీజిలుతో నాలుగు కిలోమీటర్లు నడచినచో 24 రూపాయలు. టైరు 20,000 చొప్పున పది టైర్లు 80,000 కిలోమీటర్లు మన్నినచో రెండున్నర. మరమ్మతులు, ఆయిలు మఱి రెండున్నర. టోలు 5. బత్తా, దారిఖర్చు 1. వెరసి 35. రెండును కలిసి 48 రూపాయలు.

అసలు మోస మిచ్చటనే పొంచియున్నది. ఆ 7,000 లో 2,000 కిలోమీటర్లు ఖాళీ. ఖాళీదారికి కిరాయి నిచ్చు పుణ్యాత్ముడు లేడు. టోలు ప్లాజావారు లారీ తరగతిని జూతురుగాని లోపల సరకున్నదా యని చూడరు. కావున నెల ఖర్చు 3,36,000 రూపాయలను సరకున్న 5,000 కిలోమీటర్లే మోయవలయును. అప్పుడు కిలోమీటరు ధర 48 కాదు, 67 రూపాయల 20 పైసలు. ఇందు లాభము పైసాయైనను లేదు. బ్రోకరు కమీషనును చేరలేదు.

చెన్నపట్టణము రమారమి 450 కిలోమీటర్లు. ఈ లెక్కను 30,240 రూపాయలు రావలయును. 18 టన్నుల సరకుకు టన్ను 1,680. బ్రోకరు టన్ను 1,400 అనును. 25,200 చేతికి వచ్చును. డీజిలు 10,800, టోలు 2,250, బత్తా 450 పోగా 11,700 మిగులును. అదియే యాతని పండుగ! నిజమునకు 5,040 రూపాయలు నష్టము. ఆ నష్టము నేడు కనబడదు; టైర్లు మార్చునాడు, కిస్తీ తప్పి ఫైనాన్సువారు బండిని లాగుకొనిపోవునాడు కనబడును.

"ఖాళీగా వచ్చుటకంటె వచ్చినంతకు వచ్చుట మేలు గదా" యని యందురు. తిరుగులోడు విషయమున నీమాట సగము నిజమే. ఎట్లును రావలసిన దారియే గనుక, కదలిక ఖర్చు 35 కు పైన 5 రూపాయలు వచ్చినను మేలే. కాని బెజవాడ లారీకి తిరుగులోడైనది చెన్నపట్టణపు లారీకి పోవులోడు. అచ్చటివా డిచ్చట చేయునదియు నిదియే. ఒకరి తెగింపు మఱియొకరి ధర యగుచున్నది. ఈ రహస్యము బ్రోకరుకు తెలిసినంత బాగుగా లారీ యజమానికి తెలియకుండుట మన దౌర్భాగ్యము.

దీనికి తోడు గోదాముల ముందు పడిగాపులు. పైలెక్కను నిలిచిన దినమునకు మూడువేలు నష్టము. హాల్టింగు అడిగినచో మఱుసటి లోడు దొరకదు. 2021 ఫిబ్రవరినుండి ఫాస్టాగు నిర్బంధమైనది. టోలుసొమ్ము ముందుగానే జమచేయవలయును. డీజిలు ధర 2017 జూనునుండి దినదినము మార్చు నేర్పాటైనది. కిరాయి బాకీకి మాత్రము తొందరలేదు! పెద్ద కంపెనీలకు వడ్డీలేని యప్పు నిచ్చుచున్నవాడు ఈ బీద యజమానియే.

లోటు పూడ్చుకొన నధికబరువునకు దిగుట మఱియొక గొయ్యి. 2019 లో సవరించిన చట్టము ప్రకారము శిక్ష 20,000 రూపాయలు, ఆపై టన్నుకు 2,000. నాలుగు టన్నుల యాశకు ఒక్కసారి పట్టుబడినచో 28,000. టైరు పగిలి ప్రాణము పోయినచో దానికి లెక్కయే లేదు. 2018 జూలైలో మూడు ఇరుసుల లారీ మొత్తపు బరువును 25 టన్నులనుండి 28.5 టన్నులకు ప్రభుత్వమే పెంచినది. ఒక్క సంతకముతో దేశమున లారీల మోత పెరిగెను. మోయవలసిన సరకు పెరిగెనా? ఆ మేలు వర్తకుని ఖాతాలో పడినదని మా యభిప్రాయము.

కిరాయి బజారు నిర్ణయించునదియనియు, ప్రభుత్వము చేయిపెట్టరాదనియు పండితులు చెప్పుదురు. పరప్రభుత్వకాలమున రైలుకిరాయిలు రేవులకు చౌకగాను, లోపలి వ్యాపారమునకు ప్రియముగాను ఉండెనని మన నాయకులు మొఱపెట్టలేదా? ఆటోకును బస్సుకును ధర కట్టు ప్రభుత్వమునకు లారీ యేల కనబడదు? 1988 నాటి మోటారు వాహనముల చట్టము 67 వ సెక్షను, సరకు బండ్ల కిరాయికిని కనిష్ఠ గరిష్ఠములను నిర్ణయించు నధికారమును రాష్ట్రప్రభుత్వముల కిచ్చియేయున్నది. వాడనందున తుప్పుపట్టినది.

ధరలు మండిపోవునని బెదరింతురు. పై లోటు 5,040 రూపాయలను 18,000 కిలోలకు పంచినచో కిలోకు 28 పైసలు. ఈ 28 పైసలకై యొక సంసారము వీథిని పడవలయునా?

ప్రభుత్వము మేలుకొనునందాక లారీ యజమానుల సంఘములు చేతులు కట్టుకొని కూర్చుండ నక్కఱలేదు. 2018 జూలైలో ఎనిమిది దినములు దేశమంతట లారీలు నాపగలిగినవారు ఒక లెక్కకాగితము వ్రాసి యాఫీసు గోడ కంటింపలేరా? పది చక్రములకొకటి, పండ్రెండు చక్రములకొకటి; ఖాళీదారి చేర్చి, హాల్టింగు చేర్చి, తెలుగులో, పెద్ద యక్షరములతో. డీజిలు ధర మారిన దినముననే దానిని దిద్దవలయును. దానికి తక్కువగా పోవులోడు నెత్తినవాని పేరు ప్రక్కపలకపై వ్రాయవలయును. ఆ ధర నిచ్చిన బ్రోకరు పేరు దానికి పైన వ్రాయవలయును.